అడుగుకు పది కోట్ల ఏళ్లు: మా కాంపౌండు గోడ డైరీ

అక్టోబరు 5

ఇల్లు కట్టి నాలుగేళ్లు దాటింది. ముందు గోడ పునాది దగ్గరే ఆగిపోయింది. గేటు పోను మిగిలింది ఇరవై అయిదడుగులు. "దీపావళికన్నా లేపుతవా, ఊరి కుక్కలన్నిటికీ మన వాకిలే అడ్డానా?" అని మా అవ్వ రోజూ పొద్దున చాయ్‌తో పాటే మొదలుపెడుతుంది.

సిమెంటు ఇటుకలైతే మూడు రోజుల పని. కానీ నేను పంతొమ్మిదేళ్లు బోరు బండి మీద తిరిగినవాణ్ణి. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, కల్వకుర్తి, అటు నారాయణపేట దాకా ఎన్ని ఊళ్లలో బోర్లు వేశామో లెక్క లేదు. బోరులోంచి పైకొచ్చే పొడిని, లోతు రాసి సీసాల్లో పట్టిపెట్టుకోవడం నాకో పిచ్చి. పాయింటు పెట్టడానికి వచ్చే జియాలజిస్టు సారు ఒకాయన ఆ సీసాలు చూసి, చదవడం నేర్పాడు. ఏ రంగు పొడి వస్తే ఏ రాయి, ఆ రాయి పుట్టినప్పుడు అక్కడ నీళ్లున్నాయా, నిప్పుందా, ఎంత లోతు అని. పోతూ పోతూ తన పాత భూతద్దం నాకిచ్చాడు. ఇప్పుడు మోటార్లు, పైపుల దుకాణం పెట్టుకున్నా అది జేబులోనే ఉంది.

నిన్న రాత్రి గోడ కొలిచి పడుకుంటే తట్టింది. మా దిక్కు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గోడ 25 అడుగులు. అంటే అడుగుకు పది కోట్లు. గేటు పక్కన ఈ రోజు, రోడ్డు మూల దగ్గర 250 కోట్లు. ఏ రాయి వయసు ఎంతో, గోడలో దాని చోటు అంత దూరం. నడుస్తూ చదువుకోవచ్చు.

బిడ్డ తొమ్మిదో తరగతి. వెంటనే ఫోన్లో లెక్క వేసింది. మన జాతి మనుషులు పుట్టి మూడు లక్షల ఏళ్లు అనుకుంటే గోడ మీద మిల్లీమీటరు కూడా నిండటం లేదు. "గేటుకు వేసే పెయింటు మందమా నాన్నా?" అంది. అంతే.

అక్టోబరు 8

సున్నంతో పునాది మీద అడుగడుగుకూ గీతలు పెట్టాను. మేస్త్రి వచ్చి చూసి, "ఇదేందన్నా, చెన్న ఆట గీసినవా?" అన్నాడు. చెప్పాను. మొత్తం విన్నాడు. "రాళ్లు నువ్వు తెచ్చుకో, రేటు మాత్రం సైజు రాయి రేటే" అన్నాడు.

అక్టోబరు 12

మొదటి రాయికి వెతుక్కునే పని లేదు. ఇంటి వెనకే ఉంది. దేవరకొండ కోట ఉన్న గుట్టలూ, మా పెరట్లో ఏనుగు పడుకున్నట్టుండే బండా అంతా ఒకటే గ్రానైటు. పెరటి బండ నుంచి పొర ఊడిన చెక్క ఒకటి తీశాను. గ్రానైటు బండ ఉల్లిపాయలా పొట్టు వదులుతుంది. ఎండకు ఉబ్బి, రాత్రికి చల్లబడి, పైనున్న బరువు పోయి సాగి, పొరలు పొరలుగా లేస్తుంది. గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించేది అందుకే. ఎవరూ పేర్చలేదు, చుట్టూ ఉన్న మెత్తది పోయి గట్టిది మిగిలింది.

తడిపి భూతద్దం పెడితే మూడు కనిపిస్తాయి. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, బెల్లం పాకంలా గాజు మెరుపుతో పలుగురాయి, నల్లటి అభ్రకం రేకులు. పలుకులు కందిగింజంత ఉన్నాయి. అంత పెద్దగా పెరగాలంటే చాలా నెమ్మదిగా చల్లారాలి. అంటే పైన కిలోమీటర్ల మందం రాతి దుప్పటి ఉండాలి. ఈ రాయి పుట్టినప్పుడు పైన సముద్రముందో, కొండలున్నాయో ఇది చెప్పదు. అది చూడలేదు, పాతాళంలో పుట్టింది. అది చెప్పేదల్లా ఒకటే: నేను ఈ రోజు మీ పెరట్లో ఎండకు కాగుతున్నానంటే, నా నెత్తి మీదున్న కిలోమీటర్ల రాయంతా ఎటో కొట్టుకుపోయిందని. ఎటు పోయిందో వచ్చే వారాల్లో చూస్తాను.

పాత సీసాలు దించాను. మా బోరు వరస ఎక్కడైనా ఇంచుమించు ఇదే. పైన ఎర్ర చెల్క, తర్వాత మొరం, తర్వాత మెత్త బండ, దాని కింద గట్టి బండ. నీళ్లుండేది మొరంలో, బండ పగుళ్లలో. పగులు తగిలితే "గ్యాప్ వచ్చింది" అని కేకేసేవాళ్లం. ఎండిన కొద్దీ లోతుకు పోయాం. లోతుకు పోయిన కొద్దీ నీళ్లు గ్రానైటుతో ఎక్కువ కాలం కాపురం చేసినవి దొరికేవి. ఇక్కడి గ్రానైటు అభ్రకంలో, అపటైటు, ఫ్లోరైటు అనే ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంది. అది నీళ్లలోకి దిగి, ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. మా అవ్వ పళ్ల మీద గోధుమ మచ్చలు ఆ గీత ఎన్నిసార్లు దాటామో చెబుతాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. గొప్ప చెప్పుకునే పేరు కాదు.

ఆ గ్రానైటు చెక్కను 25వ అడుగులో, మూలకు ఆనించి నిలబెట్టాను.

అక్టోబరు 14

పెద్దవూర నుంచి దుకాణానికి వచ్చే ఆటో అతను ఒక ఆకుపచ్చ నలుపు రాయి తెచ్చిచ్చాడు. అక్కడి చేలల్లో దొరుకుతుందట. తెలుసు నాకది. పెద్దవూర పట్టీలో ఉన్నవి ఒకప్పటి లావాలు. వేడికీ నొక్కుడుకూ నలిగి, సాగి, పచ్చబడ్డాయి. చుట్టూ ఉన్న గ్రానైటు వాటిని చీల్చుకుంటూ లోపలికి చొరబడింది. ఇంట్లోకి దొంగ దూరాడంటే దొంగ కన్నా ముందు ఇల్లు ఉన్నట్టే కదా. కాబట్టి ఈ రాయి గ్రానైటు కన్నా పెద్దది.

చిక్కేమిటంటే నా గోడ 25 అడుగుల దగ్గర అయిపోయింది. పక్కింటివాళ్ల ఖాళీ ప్లాటులోకి పోలేను. మూల స్తంభంలో పెట్టమని మేస్త్రికి చెప్పాను.

అక్టోబరు 19

శ్రీశైలం రోడ్డు మీద అచ్చంపేట వైపు పోయాం, నేనూ బిడ్డా బండి మీద. డిండి దాటాక కూడా చాలా దూరం మన గ్రానైటు బండలే. హాజీపూర్ దాటి మన్ననూరు ఘాటు మొదలయ్యే దగ్గర ఎదురుగా చూస్తే దేశం మారిపోతుంది. మన గుట్టలకు బోడిగుండు. నల్లమలకు గోడ. పైన బల్లపరుపుగా కోసేసినట్టు, పక్కన పొరలు పొరలుగా నిట్టనిలువు. అదే శ్రీశైలం క్వార్ట్‌జైట్. ఇసుక పేరుకుని, గట్టిపడి, ఇసుక రేణువుల మధ్య కూడా పలుగే నిండి, సుత్తితో కొడితే నిప్పురవ్వ వచ్చేంత గట్టి రాయి అయింది. అమ్రాబాద్ పీఠభూమి అంతా దాని మీదే నిలబడింది.

ఒక ముక్క తెద్దామని ఆశ. చెక్‌పోస్టు దగ్గర అటవీ ఉద్యోగిని అడిగితే, "పులుల అడవిల నుంచి ఎండుటాకు గూడ తీస్కపోవద్దు సార్" అన్నాడు, మర్యాదగానే. న్యాయమైన మాట. ఫొటోలు తీసుకుని, ఉమామహేశ్వరం చూసుకుని వెనక్కి వచ్చాం. అక్కడ కొండ చరియ కిందే గుడి. నెత్తి మీద వేలాడే బండలో అడ్డంగా గీతలు, కొన్నిచోట్ల ఏటవాలు గీతలు. బిడ్డకు ఏటవాలువి చూపించాను. ప్రవాహం ఇసుకను తోసుకుంటూ పోయి కుప్ప దిగువ వాలు మీద జార్చిన పొరలవి. వాలు ఎటుంటే ఆ నీళ్లు అటు పారాయి.

అక్టోబరు 26

ఈ రోజు గురించి పొడుగ్గానే రాస్తాను.

చందంపేట అవతల మా మేనమామ ఊరు. పాత ఇల్లు కూలగొట్టి స్లాబ్ ఇల్లు కడుతున్నాడు. "రాళ్లేమన్న కావాలంటే వచ్చి తీస్కపో అల్లుడా, లేకుంటే రోడ్డుకు పోస్త" అని ఫోను చేశాడు. అక్కడి గుట్టలు కూడా క్వార్ట్‌జైటువే. పాత ఇళ్ల మెట్లూ, అరుగులూ ఆ బండలే. పోయి చూస్తే దొడ్లో నీళ్లు పోసుకునే బండ పక్కకు తీసి పెట్టి ఉంది.

ఆ బండ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. దాని మీద వేలెడు వేలెడు దూరంలో వరసగా గట్లుంటాయి, రేకుల షెడ్డు రేకు లాగా. మా అమ్మమ్మ వాటి మీద మడమలు రుద్దుకునేది. ఎండాకాలం సెలవుల్లో మా వీపులు కూడా ఆ గట్ల మీదే తోమేది. పగుళ్ల మడమలకు ఇంతకన్నా మంచి రాయి లేదని ఊళ్లో పేరు. ఎవరో ఉలితో గీకించారని ఇన్నాళ్లూ అనుకున్నాను. బోరు బండి మీద ఉన్న కాలంలో కూడా ఒక్కసారైనా అటు వంగి చూడలేదు. ఈ రోజు వంగి, భూతద్దం పెట్టి, నాకు నేనే నవ్వుకున్నాను. అవి అలల గుర్తులు. చెరువు అంచున లోతు తక్కువ నీళ్లలో ఇసుక మీద పడే గట్లు, అచ్చం అవే. ఇసుక మీద అల ఆడింది, దాని మీద మళ్లీ ఇసుక కప్పింది, రాయయింది. ఏ రాతి పనివాడో పొర దగ్గర చీల్చి తెచ్చి అమ్మమ్మ కాళ్ల కింద వేశాడు.

గట్టు ముందు వాలు, వెనక వాలు వేలితో తడిమాను. రెండూ ఇంచుమించు సమానం. ఒకవైపు పారే నీళ్లయితే ఒక వాలు సాపుగా, దిగువ వాలు నిలువుగా ఉంటుంది. రెండు వైపులా ఒకేలా ఉందంటే నీళ్లు ముందుకూ వెనక్కూ ఊగాయి. అంటే ఏరు కాదు, తీరం. లోతు లేని నీళ్లు.

సాయంత్రం మేనమామ వాగు చూపించడానికి తీసుకుపోయాడు. పోయిన వానాకాలం గట్టు కోసుకుపోయి లోపల రాయి బయటపడింది. కింద గ్రానైటే, కానీ గట్టిది కాదు. చేత్తో నలిపితే రాలుతోంది. నా అంత మొరం చూసినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు, కాబట్టి పందెం కాసి చెబుతాను, అది మొరమే. దాని మీద జానెడు మందాన గులకరాళ్ల పొర, గోలీల్లాంటి తెల్ల పలుగురాళ్లు. దాని మీద క్వార్ట్‌జైట్. మన చెల్కల కింద ఉండేది నేటి మొరం. ఇది పాత మొరం, క్వార్ట్‌జైట్ కింద పూడిపోయి అలాగే మిగిలింది.

అంటే అనుకోండి. పాతాళంలో పుట్టిన గ్రానైటు పైకి తేలింది. దాని నెత్తిన ఉన్నదంతా వాన కడిగేసింది. గాలి తగిలి గ్రానైటు కూడా కుళ్లి మొరమయింది. అప్పటికి నేల మీద గడ్డి పరక లేదు, చెట్టు వేరు లేదు. మట్టిని పట్టి ఆపేది ఏదీ లేదు. వాన పడితే కొట్టుకుపోవడమే. ఫెల్డ్‌స్పార్ బంకమట్టయి దూరం పోయింది, పలుగు మాత్రం అరగక గులకలుగా, ఇసుకగా మిగిలింది. తర్వాత నీళ్లు ఎక్కి వచ్చి ఆ ఇసుకను పరిచాయి. అమ్మమ్మ మడమలు రుద్దుకున్నది ఆ కాలపు పలుగు మీద.

ఒక చెయ్యి మొరం మీద, ఒక చెయ్యి పైరాయి మీద పెట్టాను. ఈ పొరలన్నీ పేరుకున్న పాత పల్లాన్ని కడప బేసిన్ అంటారు. దాని అడుగు పొరలు 190 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ. శ్రీశైలం క్వార్ట్‌జైట్ వయసులో వాటి కన్నా చిన్నది. గ్రానైటు 250. రెండు చేతుల మధ్య గులకల పొర జానెడు. గోడ మీద అది ఆరడుగుల పైమాటే. నేను పడుకుంటే తల నుంచి కాళ్ల దాకా పడతాను.

ఈ సందు దగ్గరే లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ దిక్కు యురేనియం పట్టింది. ఆక్సిజన్ ఉన్న నీళ్లలో యురేనియం కరిగి ప్రయాణం చేస్తుంది, ఆక్సిజన్ పోయిన చోట దిగబడుతుంది. గ్రానైటు, క్వార్ట్‌జైట్ అతుకు దానికి అనువైన దారి. దాన్ని తవ్వడం మీద జరిగిన గొడవలు మాకందరికీ గుర్తే. 2019 సెప్టెంబరులో నల్లమల తవ్వకాలు వద్దని అసెంబ్లీ తీర్మానం చేసింది.

బండ ట్రాలీలో వేయించాను. మేనమామ భార్య మాత్రం, "అది పోతే మా కాళ్లు ఏడ రుద్దుకోవాలె అల్లుడా?" అంది.

అక్టోబరు 30

రెండు రోజులు తుఫాను వాన. వాకిట్లో పెట్టిన రాళ్లన్నీ కడిగిన ముత్యాలు. వాటి మీద స్కెచ్ పెన్నుతో నేను రాసిన పేర్లు కూడా కడిగేసింది.

గ్రానైటును గ్రానైటు అని ఎవరైనా చెబుతారు. ఇబ్బంది నల్లరాళ్లతో. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి తెచ్చిన డైకు రాయి ఒకటి, పరిగి అవతలి నుంచి తెచ్చిన దక్కను లావా రాయి ఒకటి. రెండూ నలుపే, రెండూ బరువే, రెండూ కొబ్బరికాయంతే. మా బావమరిది వానలో తడవకుండా లోపల పెడదామని మంచి మనసుతో రెంటినీ ఒకే గోనెసంచిలో వేశాడు.

ఒకటి 21.8 అడుగుల దగ్గర పెట్టాలి, రెండోది గేటు నుంచి ఎనిమిది అంగుళాల్లో. తారుమారైతే 21 అడుగుల తప్పు. ఇంత దూరం తప్పు పాయింటులో బోరు కూడా వేయలేదు నేను.

నవంబరు 2

తేలింది. కొద్దిగా పగలగొట్టి ఎండలో పెట్టి చూశాను.

ఒకదాంట్లో కొత్త పగులు మీద సన్నటి తెల్లటి సూదులు అడ్డదిడ్డంగా మెరుస్తున్నాయి, నువ్వులు చల్లినట్టు. అది డోలరైటు, డైకు రాయి. గ్రానైటు పగుళ్లలోకి కింద నుంచి ఎగదన్నిన ద్రవం అక్కడే నిదానంగా చల్లారితే పలుకులకు పెరిగే సమయం దొరికింది. రెండో దాంట్లో పలుకులు భూతద్దానికీ అందవు. బదులుగా బొక్కలున్నాయి, కొన్ని ఖాళీ, కొన్నింట్లో తెల్లటి పదార్థం నిండి ఉంది. అది భూమి పైకి వచ్చిన లావా, గాలి తగిలి గబగబా చల్లారింది, లోపలి ఆవిరి బుడగలు అలాగే మిగిలాయి. రెండూ దాదాపు ఒకే వంటకం. ఒకటి మూతపెట్టి సన్నటి సెగ మీద దించింది, ఒకటి పెనం మీద నుంచి నేరుగా నేల మీద పోసింది.

డైకులతో నాకు పాత పగ ఉంది. గ్రానైటు మైదానంలో తాడు పరిచినట్టు నల్లరాళ్ల గట్టు కనిపిస్తే అది డైకే. మహబూబ్‌నగర్ వరసవి సుమారు 218 కోట్ల ఏళ్లవి, ఇతర కాలాలవీ ఉన్నాయి. సరిగ్గా దాని మీద బోరు వేస్తే నల్ల పొడి తప్ప నీళ్లు రావు, బిట్టు అరుగుతుంది, రైతు ముఖం చూడలేం. అదే గట్టుకు ఎగువన వేస్తే చాలాసార్లు నీళ్లు పడతాయి. నేల కింద కట్టిన ఆనకట్టలాంటిది మరి.

ఈసారి పేర్లు ఎనామెల్ పెయింటుతో రాశాను.

నవంబరు 9

మిర్యాలగూడ మీదుగా మఠంపల్లి దిక్కు. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా ఎందుకున్నాయంటే కింద సున్నపురాయి ఉంది కాబట్టి. బూడిదరంగు, పలకలు పలకలుగా, చేతికి చల్లగా, మెత్తగా. నాపరాయిని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. క్వారీ వాళ్ల చెత్త కుప్పలోంచి అడిగి ఒక పలక తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి బాత్రూం కడిగే ఆసిడ్ చుక్క వేశాను. చుయ్‌మని పొంగింది, సోడా కాయ కొట్టినట్టు. బిడ్డ ఊరుకోలేదు, అన్ని రాళ్ల మీదా వేసింది. గ్రానైటు ఉలకలేదు. క్వార్ట్‌జైట్ పలకలేదు. పాత ప్రహరీ సిమెంటు మీద వేస్తే అది కూడా పొంగింది! ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. తర్వాత నవ్వొచ్చింది. సిమెంటు దేంతో చేస్తారు మరి? ఆ లెక్కన సున్నపురాయికి గోడలో ప్రత్యేకంగా ఒక చోటు ఇవ్వడం అన్యాయం. ప్రతి సందులోనూ అదే ఉంది. ఇసుకేమో గ్రానైటు అరిగిన పలుగు.

క్వార్ట్‌జైట్ సముద్రం అలల సముద్రమైతే ఇది నిమ్మళంగా ఉన్న సముద్రం. ఒడ్డు నుంచి ఇసుక, బురద ఎక్కువగా రాని చోట, తేట నీళ్లలో సున్నం సన్నటి బురదలా అడుగుకు దిగి, పొర మీద పొర పేరుకుంది. భూతద్దంతో ఎంత వెతికినా చిప్ప ముక్క లేదు, గవ్వ ముక్క లేదు. అప్పటికి చిప్ప కట్టుకునే జీవి పుట్టనే లేదు. సముద్రం నిండా ఉన్నది కంటికి కనబడని సూక్ష్మజీవులే.

చోటు ఎక్కడ? చిప్పల జీవులు వచ్చింది సుమారు 54 కోట్ల ఏళ్ల కింద, 5.4 అడుగులు. దీనికి అడుగున ఉండే గులకరాళ్ల పొరలో బనగానపల్లె దగ్గర వజ్రాలు దొరికాయి. అవి కింబర్లైటు, అంటే భూమి లోతుల నుంచి వజ్రాలు మోసుకొచ్చే రాయి, నుంచే కొట్టుకొచ్చి ఉంటాయన్న లెక్కన ఈ సున్నపురాయి కింబర్లైటు వయసు 110 కోట్ల కన్నా ఇటే. అంటే 11కీ 5.4కీ మధ్య. ఎనిమిదో అడుగులో పెట్టి, అటూ ఇటూ రెండు బాణం గుర్తులు వేయిస్తున్నాను, జరగడానికి చోటు ఉండేలా.

నవంబరు 16

నారాయణపేట, మద్దూరు, కోటకొండ దిక్కు. కింబర్లైటు కోసం. నూట యాభై కిలోమీటర్ల కన్నా లోతు నుంచి రైలు వేగంతో పైకి దూసుకొచ్చిన రాయి. ఇక్కడి గొట్టాల్లో తవ్వుకునేంత వజ్రాలు తేలలేదు.

రోజంతా తిరిగాను. అది గట్టి రాయి కాదు, తొందరగా కుళ్లి మెత్తటి పచ్చపసుపు మట్టవుతుంది, పైన సున్నపు గడ్డలు కడతాయి. చేను దున్నేశాక ఎవరికీ తెలియదు. ఒక రైతు, "వజ్రాల కోసమా సార్? మా తాత గూడ ఎతికిండు" అని జొన్న రొట్టె, పచ్చి పులుసు పెట్టాడు. తిని, చేనుకి దణ్ణం పెట్టి వచ్చాను. పదకొండో అడుగులో గూడు కట్టించి ఖాళీగా వదులుతున్నాను.

నవంబరు 20

ఈ రోజు తిట్టుకున్నది ఈ నెల మొత్తం మీద తిట్టుకోలేదు.

దుకాణంలో ఉంటే మేస్త్రి ఫోను, "అన్నా, అమ్మమ్మ బండ ఎక్కిచ్చినం, సూస్కపో." పోయి చూస్తే గోడలో నున్నటి చదును బండ. అలల గుర్తులు మాయం. గట్లున్న ముఖాన్ని లోపలికి తిప్పి, సిమెంటు పట్టించి కూర్చోబెట్టాడు. "సక్కటి మొఖం బయటికి పెట్టాలె గదన్నా. ఆ గరుకు దిక్కు సిమెంటు మంచిగ పట్టుద్ది" అన్నాడు. ముప్పై ఏళ్లుగా అతను నేర్చుకున్న పని ప్రకారం అతను చేసింది నూటికి నూరు పాళ్లు ఒప్పు. రాయి ముఖం ఏదో నేను చెప్పి పోవాల్సింది.

అప్పటికి రెండు గంటలే అయింది. ఇద్దరు కూలీలు, మేస్త్రి, నేను, గడ్డపారతో కాకుండా తాపీలతో గోకి గోకి ఊడదీశాం. గట్ల మధ్య పల్లాల్లో చేరిన సిమెంటును తీసేసరికి చీకటి పడింది. ఆసిడ్ వేస్తే సిమెంటు కరుగుతుంది, క్వార్ట్‌జైటుకు ఏమీ కాదు కదా అని బిడ్డే గుర్తు చేసింది. పళ్లు తోమే పాత బ్రష్షులు నాలుగు అరిగాయి. ఒక గట్టు చివర పెచ్చు లేచింది. లేచిన చోట లోపల లేత గులాబీ రంగు. ఇనుము తుప్పు మరక అది, ఆక్సిజన్ ఉన్న గాలి ఆడిన కాలం రాయని చెప్పే రంగు. గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలైంది 240 కోట్ల ఏళ్ల ప్రాంతంలో. మా గ్రానైటు పుట్టినప్పుడు అది లేదు.

నవంబరు 23

రాళ్లన్నీ కూర్చున్నాక వెనక్కి జరిగి చూశాను. మూల స్తంభంలో పెద్దవూర, 25లో గ్రానైటు, 22 దగ్గర డైకు. 19కి ఇటు ‘ఎక్కడో ఇక్కడ’ అని రాసి అమ్మమ్మ బండ, 11లో ఖాళీ గూడు, 8లో సున్నపురాయి, గేటు దగ్గర లావా. ఇరవై అయిదడుగుల్లో రాయి ఉన్న చోటు నాలుగడుగులు కూడా లేదు. మిగతాదంతా ఉత్త సిమెంటు ఇటుక.

"డైనోసార్ ఏది?" అని అడిగింది మా పక్కింటి పిల్ల. డైనోసార్ల కాలపు పొరలు మన దగ్గర లేవు. అవి గోదావరి లోయలో ఉన్నాయి, హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అక్కడిదే. ఆ కాలంలో మన దిక్కు మిట్ట. మిట్ట మీద ఏదీ పేరుకోదు, అరిగి పల్లానికి పోతుంది. బహుశా ఆ అరుగుడులో కొంత అటే పోయి ఉంటుంది. పిల్ల నిరాశ చూడలేక లావా రాయి చూపించాను. దక్కను లావాలు పారింది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద, డైనోసార్ల ఆఖరి రోజుల్లో. ఒక లావా ఆగి ఇంకోటి వచ్చే లోపు మధ్యలో చెరువులు ఏర్పడ్డాయి. పరిగి దగ్గర నస్కల్‌లో అలాంటి చెరువు పొరలోనే ఎలుకంత జంతువు పళ్లు దొరికాయి. దానికి డెక్కనోలెస్టీస్ అని పేరు పెట్టి 1988లో ప్రకటించారు. "ఎలుకనా?" అని పిల్ల ఇంకా నిరాశపడింది.

మేస్త్రి ఆ ఖాళీ ఇటుకల మీద ప్లాస్టరు చేసి, పూల డిజైను వేద్దామన్నాడు. వద్దన్నాను. ఒట్టి ఇటుకలు కనబడాలి.

నవంబరు 30

గోడ అయింది. దీపావళి ఎప్పుడో పోయింది. కుక్కలు గేటు కింది సందులోంచి వస్తున్నాయి, దానికి వేరే రేకు కొట్టాలి.

అలల బండ మోకాళ్ల ఎత్తులో పడింది. పొద్దున చూస్తే అవ్వ గోడ పట్టుకుని నిలబడి, ఒక కాలు ఎత్తి, మడమ ఆ గట్ల మీద రుద్దుతోంది. "కొంచెం కిందికి పెట్టియ్యకపోతివి" అంది.

మిగిలిన పనులు: రేకు. పదకొండో అడుగు గూటికి జాలీ, ఉడత గూడు పెట్టుకునేలా ఉంది. మేనమామ ఇంటికి కాళ్లు రుద్దుకోవడానికి ఇంకో బండ.